వెస్ట్ మాంబళంలో టౌన్‌హౌస్ కొనొచ్చా?

మీ ప్రశ్న, మీరు పంపిన ప్లాను రెండూ జాగ్రత్తగా చూశాను. చెన్నై వెస్ట్ మాంబళంలో రెండు గ్రౌండ్ల (గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు) పాత ఇల్లు పడగొట్టి, ఆ స్థలంలో ఒకదానికొకటి ఆనించి నాలుగు టౌన్‌హౌస్‌లు కడుతున్నారు. ఒక్కోదానికి కింద స్టిల్టు (గోడల్లేకుండా పిల్లర్ల మీద నిలిచే, కార్లు పెట్టుకునే చోటు), పైన మూడు అంతస్తులు, లోపలే మెట్లు, చిన్న లిఫ్టు. 2,100 చదరపు అడుగులు, యూడీఎస్ (నేలలో విడగొట్టని వాటా) 1,050, ధర 3 కోట్ల 10 లక్షలు. ఇంకా అమ్ముడుపోనివి రెండో నంబరు, నాలుగో నంబరు. వేలచేరిలో అద్దెకుంటున్న మీరిద్దరూ, స్కూలుకెళ్లే పాప, గుంటూరు నుంచి వచ్చి ఇక మీతోనే ఉండబోయే అమ్మగారు. డిజైన్ మీకు నచ్చింది, డబ్బుకు తగిన విలువ ఉందా అన్నదే మీ సందేహం.

నేను చెన్నైలో ఇరవై ఆరేళ్లుగా స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. టీనగర్, మాంబళం, మైలాపూరుల్లో ఒకటి రెండు గ్రౌండ్ల సైట్లే నా పనిలో ఎక్కువ. ఇలాంటి ఇళ్లు కొన్నిటికి నేనే డ్రాయింగులు ఇచ్చాను, కొన్నిటికి కొన్నవాళ్లు గొడవపడుతుంటే వెళ్లి చూసొచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండో నంబరు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. నాలుగో నంబరు మాత్రం కొన్ని మార్పులకు బిల్డర్ ఒప్పుకుని, ధర దిగితే తీసుకోవచ్చు. ఎందుకో చెబుతాను.

మీ స్థలం 60 అడుగుల వెడల్పు, 80 అడుగుల లోతు. తూర్పున రోడ్డు. దక్షిణం పక్క 19 అడుగుల డ్రైవ్‌వే వదిలి, రోడ్డు వైపు నుంచి వెనక్కి వరసగా నాలుగిళ్లు పేర్చారు. ఒక్కో ఇల్లు 16 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు. రైలు పెట్టెల్లాగా అనుకోండి. మొదటి ఇంటికి రోడ్డు వైపు గోడ ఖాళీగా ఉంటుంది, నాలుగో ఇంటికి వెనక గోడ ఖాళీగా ఉంటుంది. మధ్యలో ఉన్న రెండు, మూడు నంబర్లకు పొడుగాటి గోడలు రెండూ పక్కింటివాళ్లతో ఉమ్మడి. కిటికీలు పెట్టడానికి దొరికేది డ్రైవ్‌వే వైపు 16 అడుగులు, ఉత్తరాన ఇంకో 16 అడుగులు. ఆ ఉత్తరం వైపు ఉన్నది ఐదడుగుల సందు, దాని అవతల నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు గోడ. అంటే నిజంగా వెలుతురొచ్చేది ఒక్క పక్క నుంచే. 36 అడుగుల లోతున్న ఇంట్లో ఒక పక్క నుంచి వచ్చే వెలుతురు సగం దాకా కూడా రాదు.

గత ఏప్రిల్లో మైలాపూర్లో ఇలాంటి మధ్య ఇంటికే వెళ్లాను. గోడకు చెమ్మ పడుతోందని పిలిచారు. ఉదయం పదకొండు గంటలు, బయట కళ్లు చెదిరే ఎండ. ఇంటావిడ వంటింట్లో ట్యూబ్‌లైటు వేసుకుని పప్పు కడుగుతున్నారు. కిటికీ తీయమన్నాను. తీస్తే ఎదురుగా చెయ్యి చాస్తే అందేంత దూరంలో పక్క ఫ్లాట్ల బాత్రూము పైపులు, వాటి కింద ఎప్పుడూ ఆరని నేల. "వాసనకు తట్టుకోలేక రెండేళ్లుగా ఇది మూసే ఉంచుతున్నామండీ" అన్నారు. చెమ్మకు కారణం వెతకాల్సిన పనే లేకపోయింది. వంట ఆవిరి బయటికి పోదు, సందులోకి ఎండ దిగదు. ఇంటి ముందు భాగం మాత్రం చూడ్డానికి చాలా బాగుంది. బూడిద రంగు రాతి క్లాడింగ్ (గోడకు పైన అతికించే పలకలు), చెక్క రంగు పట్టీలు, జాలీ. ఆ ఇంటికి వాళ్లు పెట్టిన డబ్బు తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

అందుకే ఎలివేషన్, అంటే ఇంటి ముందు రూపు, పక్కన పెట్టి కిటికీలు కొలవమంటాను. మన జాతీయ భవన నియమావళి ప్రకారం, చెన్నైలాంటి ఉక్కపోత ప్రాంతంలో గది నేల విస్తీర్ణంలో ఆరో వంతు గాలి, వెలుతురు వచ్చే తెరుపు ఉండాలి. మీ ప్లానులో రెండో అంతస్తు బెడ్‌రూము 11 అడుగులకు 12, అంటే 132 చదరపు అడుగులు. ఆరో వంతు 22. ప్లానులో కిటికీ 4 అడుగులకు 4, అంటే 16. అదీ పక్కకు జరిపే రెండు తలుపుల యూపీవీసీ (ప్లాస్టిక్ ఫ్రేము) స్లైడింగ్. అలాంటి కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి గాలికి మిగిలేది 8. ఏసీ ఉందిగా అంటారు. కరెంటు పోయిన రాత్రి సంగతి అలా ఉంచండి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగే ఊరు ఇది. ఆ గాలిని లోపలికి రానివ్వని ఇంటికి మూడు కోట్లు ఎందుకు పెట్టాలి?

నాలుగో నంబరుకు పడమటి గోడ ఖాళీగా ఉంది కాబట్టి ఇంకో పక్క నుంచి కూడా వెలుతురొస్తుంది. దానికి తగ్గ ఇబ్బందీ ఉంది. మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతుంది. ప్లానులో పడమటి గోడ ఆరంగుళాల బ్లాకులతో చూపించారు, కిటికీల మీద సన్‌షేడ్ అడుగు మాత్రమే. గోడ ఎనిమిదంగుళాలు చేయమనండి, సన్‌షేడ్ రెండడుగులు అడగండి. గోడ ఇంకా లేవలేదు కాబట్టి ఇప్పుడడిగితే ఖర్చు తక్కువ, తర్వాత అడిగితే కుదరదు.

ఇక మెట్లు. టౌన్‌హౌస్ డిజైన్ బాగుందా లేదా అన్నది నేను మెట్ల దగ్గరే తేలుస్తాను.

ముందు జాగా లెక్క చూద్దాం. 16 బై 36 అంటే అంతస్తుకు 576 చదరపు అడుగులు. మెట్లకు ఆరున్నర అడుగులు బై పదకొండు, అంటే 71. లిఫ్టుకు 25. కలిపి 96, అంతస్తులో ఆరో వంతు. మూడంతస్తులకు దాదాపు 290 చదరపు అడుగులు ఎక్కడానికి దిగడానికే పోయాయి. ఫ్లాటులో మెట్లు అందరికీ ఉమ్మడి. ఇక్కడ అవి మీ ఇంట్లో ఉన్నాయి, వాటికి మీరు హాలుకిచ్చిన రేటే ఇస్తున్నారు. పైగా మూడంతస్తులూ కలిపితే 1,728. బిల్డర్ చెబుతున్న 2,100కి 372 తక్కువ. ఆ 372 ఎక్కడివని అడిగితే స్టిల్టులో వాటా, డ్రైవ్‌వేలో వాటా అంటారు. కాబట్టి గోడలు, మెట్లు, లిఫ్టు తీసేశాక మీ కాళ్లు తిరిగే చోటు ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. నా అంచనాలో 1,300 దాటదు. దాన్ని పక్క వీధిలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు కార్పెట్ ఏరియాతో పోల్చండి, 2,100తో పోల్చకండి.

రెండోది, మెట్టు ఎత్తు. ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించకూడదు, పాదం మోపే వెడల్పు 25కి తగ్గకూడదు. నేను చూసిన చాలా టౌన్‌హౌసుల్లో జాగా మిగుల్చుకోవడానికి ఈ రెంటిలోనూ కోత పెట్టారు. కోత లేనిచోట కూడా ఎత్తులు సమానంగా ఉండవు. సెంట్రింగ్ మేస్త్రీ ఒక లెక్కతో కాంక్రీటు పోస్తాడు, తర్వాత టైల్స్ మేస్త్రీ హాల్లో మందంగా, మెట్ల మీద పలచగా వేస్తాడు. మొదటి మెట్టు ఆరంగుళాలు, చివరిది ఎనిమిదింబావు అవుతుంది. ఒక ఇంట్లో టేపు పెట్టి పదహారు మెట్లు కొలిస్తే ఐదు రకాల ఎత్తులు వచ్చాయి. మన కాలు రెండో మెట్టుకే ఎత్తు గుర్తుపెట్టేసుకుంటుంది, అది మారిన చోట తడబడుతుంది. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు. స్టిల్టు నుంచి మూడో అంతస్తుకు యాభై మెట్లు, బట్టలారేయడానికి మేడమీదికి ఇంకో పదిహేడు. లిఫ్టు ఉంది కదా అనకండి. లిఫ్టు రిపేరుకొచ్చిన వారం రోజులు కూడా ఇంట్లో రోజులే.

మీ ప్లానులో మొదటి అంతస్తులో హాలు, రెండో అంతస్తులో వంటిల్లు, భోజనాల గది, ఒక బెడ్‌రూము, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూములు ఉన్నాయి. గీసినవాళ్లు ఇంట్లో వంట ఎవరు చేస్తారో ఆలోచించలేదు. నిండు గ్యాస్ బండ ముప్పై కిలోల దాకా ఉంటుంది, బియ్యం బస్తా ఇరవై అయిదు. ఎవరైనా గుమ్మంలో బెల్లు కొడితే అమ్మగారు రెండంతస్తులు దిగాలి. వంటిల్లు, అమ్మగారి గది, ఒక బాత్రూము మొదటి అంతస్తులో ఒకేచోట ఉండేలా మార్చమనండి. హాలు రెండో అంతస్తుకు వెళ్తే ఎవరికీ ఇబ్బంది లేదు, వెలుతురు కూడా పైనే బాగుంటుంది. పైపులైన్లు ఇంకా వేయలేదన్నారు కాబట్టి ఇది సాధ్యమే. దీనికి బిల్డర్ ససేమిరా అంటే, మీ కుటుంబానికి ఆ ఇల్లు పనికిరాదు.

మెట్లతో మంచి కూడా చేయొచ్చు, అది చెప్పకపోతే అన్యాయం. మన ఊళ్లలో మండువా ఇళ్లు చూసే ఉంటారు. మాంబళం పాత ఇళ్లలోనూ నడిమధ్యన తెరుపు ఉండేది, తమిళంలో ముట్రం అంటారు. వేడి గాలి అందులోంచి పైకి పోయేది, చల్లగాలి ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చేది. టౌన్‌హౌసులో మెట్ల గది ఆ పని చేయగలదు. మేడమీద మెట్ల గదికి నాలుగు గోడలు కట్టి తలుపు మూసేయకుండా, పైన రెండు వైపులా లూవర్లు (గాలి పోయే ఏటవాలు పట్టీలు) పెట్టి, మీద కొంత గాజు పరిస్తే మూడంతస్తుల వేడి అందులోంచి పోతుంది, నడి ఇంట్లోకి వెలుతురు దిగుతుంది. నేను పనిచేసిన ఒక ఇంట్లో ఆర్కిటెక్టు పట్టుబట్టి ఇదే చేశారు. అది మధ్య ఇల్లయినా పగలు లైటు వేయరు. మీ ప్లానులో మెట్ల గది సరిగ్గా నడుమనే ఉంది, పైన మాత్రం మూసేశారు. దాన్ని తెరవడానికి అయ్యే ఖర్చు ఆ క్లాడింగ్‌కు అయ్యేదానితో పోలిస్తే ఏమంత కాదు.

ఉమ్మడి గోడ గురించి కూడా అడగండి. నాలుగంగుళాల బ్లాకు గోడయితే పక్కింటి మిక్సీ మీ బెడ్‌రూములో వినబడుతుంది, వాళ్ల పిల్లలు మెట్లు దిగుతుంటే మీ పాప నిద్ర లేస్తుంది. ఎనిమిదంగుళాలకు తగ్గొద్దు. దాన్ని తవ్వి కరెంటు పైపులు, నీళ్ల పైపులు వేయొద్దని రాయించుకోండి.

ఇప్పుడు విలువ. టౌన్‌హౌస్ అనగానే నా ఇల్లు, నా నేల అనిపిస్తుంది. మీ కాగితాల ప్రకారం ఇది అపార్ట్‌మెంటే. నేల నలుగురికీ కలిపి ఉంది, మీకు వచ్చేది విడగొట్టని వాటా. 2,100కి 1,050 అంటే సగం. ఈ సగం ఫ్లాటులోనూ వస్తుంది, ఎందుకంటే 2019 నిబంధనల తర్వాత ఎఫ్ఎస్ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, 2 అయింది. అంతకుముందు 1.5 ఉండేది. అందుకే అదే వీధిలో 1990ల్లో కట్టిన వెయ్యి అడుగుల ఫ్లాటుకు 600, 650 దాకా యూడీఎస్ ఉండడం మామూలే. కొత్తదానికి ఎక్కువ నేల వస్తోందన్న మాటలో నిజం లేదు.

ఇంకో లెక్క నన్ను ఆపింది. ఇంటికి 1,050 చొప్పున నాలుగిళ్లకు 4,200. రెండు గ్రౌండ్లంటే 4,800. మిగతా 600 ఎవరి దగ్గర ఉంది? రోడ్డు వెడల్పుకు రాసిచ్చి ఉంటే ఆ కాగితం చూపిస్తారు. లేదా స్థలం యజమానో బిల్డరో అట్టిపెట్టుకుని ఉండొచ్చు. అదే అయితే రేపు ఎఫ్ఎస్ఐ మళ్లీ పెరిగినప్పుడు మేడ మీద మాకూ హక్కుందని వస్తారు. నాలుగిళ్ల వాటాలు కలిపితే నూటికి నూరు కావాలి, ఆ పట్టిక మీ సేల్ డీడులో ఉండాలి. ఇది తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ధర సంగతికొస్తే, ఆ వీధిలో ఈ మధ్య గ్రౌండు ఎంతకు రిజిస్టరైందో రెండు మూడు చోట్ల విచారించండి. లెక్క కోసం చదరపు అడుగు 15,000 అనుకుందాం. 1,050కి కోటీ 57 లక్షలు. కట్టుబడి అడుగుకు 3,000 అనుకుంటే 2,100కి 63 లక్షలు. మొత్తం 2 కోట్ల 20 లక్షలు. బిల్డర్ అడుగుతున్నది 3 కోట్ల 10 లక్షలు. మధ్యలో 90 లక్షలు ఉన్నాయి. అందులో అనుమతులు, వడ్డీ, లాభం ఉంటాయి, బిల్డర్ ఊరికే కట్టడు, అది న్యాయమే. కానీ ఆ తేడా నేల, కట్టుబడి మొత్తంలో నూటికి నలభై అయితే, దాంట్లో చాలా భాగం "టౌన్‌హౌస్" అన్న పేరుకు ఇస్తున్నట్టే. ఈ లెక్క కాగితం మీద పెట్టి మాట్లాడండి. పనులు జరుగుతున్న ఇల్లు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 15 లక్షల 50 వేలు అదనం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే.

ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఏమవుతుందో కూడా ఇప్పుడే చూడాలి. కట్టడం పాతబడుతుంది, మిగిలేది నేలలో వాటా. తమిళనాడు 2022 అపార్ట్‌మెంటు చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే పడగొట్టి మళ్లీ కట్టొచ్చు. నలుగురిలో అంటే ముగ్గురు ఒప్పుకోవాలి. పిల్లర్లు, పునాది ఉమ్మడి కాబట్టి మీరొక్కరే మీ ఇల్లు పడగొట్టి కట్టుకోలేరు. అందుకని మిగతా ముగ్గురు ఎవరో, ఉండడానికి కొన్నారో అద్దెకివ్వడానికి కొన్నారో తెలుసుకోండి.

రెరా (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) విషయంలో చాలామంది పొరబడతారు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో ఎనిమిదికి మించని ఇళ్లయితే దాని కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ స్థలం 446 చదరపు మీటర్లు, నాలుగే ఇళ్లు. కాబట్టి ఈ ప్రాజెక్టు రెరా వెబ్‌సైటులో కనిపించకపోవడం తప్పు కాదు. అయితే ఆ రక్షణ మీకు రెడీమేడ్‌గా దొరకదు కాబట్టి అగ్రిమెంటులో రాయించుకోవాలి. కార్పెట్ ఏరియా అంకె, అప్పగించే తేదీ, ఆలస్యమైతే వడ్డీ, కట్టడంలో లోపాలకు ఐదేళ్ల బాధ్యత, ఇవన్నీ రావాలి. పట్టా, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మూలపత్రాలు, యజమాని ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, వీటిని ఈ ఊరి లాయరుకు చూపించండి. ఆమోదం పొందిన ప్లాను పక్కన పెట్టుకుని సైటు చూడండి. మేడమీద ప్లానులో లేని గది లేస్తుంటే, స్టిల్టులో ఆఫీసు గది కడతామంటే అది రేపు మీ తలనొప్పి.

స్టిల్టు గురించి నా వృత్తి పరంగా ఒక మాట. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద గోడల్లేని స్టిల్టే ఉంది. చెన్నై మధ్యస్థ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం. కారు తిరగడానికి అడ్డమని పిల్లర్లు సన్నం చేసి, పైన మూడంతస్తుల గోడల బరువు పెడితే ఆ కీళ్ల దగ్గరే దెబ్బ తింటుంది.

చివరిది నీళ్లు. 1920ల్లో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి మీ పక్కనే ఉన్న టీనగర్ వేశారు. వెస్ట్ మాంబళంలో ఇప్పటికీ లేక్ వ్యూ రోడ్ ఉంది, లేక్ మాత్రం లేదు. వాన నీటికి ఆ పాత దారి ఇంకా గుర్తుంది. 2015 డిసెంబరులో, మళ్లీ 2021 నవంబరులో ఆ ప్రాంతంలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మీ వీధిలో ఎంత ఎత్తు దాకా వచ్చాయో మూలమీద కిరాణా కొట్టాయన్ని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. స్టిల్టు నేల రోడ్డు కంటే కనీసం రెండడుగులు ఎత్తులో ఉండాలి, ఎందుకంటే రోడ్డు వేసిన ప్రతిసారీ అది కాస్త పైకి లేస్తుంది. సంపు మూత, లిఫ్టు గొయ్యి, కరెంటు మీటర్ల బోర్డు ఆ నీటి గుర్తుకు పైన ఉన్నాయో లేదో చూడండి. లిఫ్టు గొయ్యిలోకి ఒక్కసారి నీళ్లు దిగితే ఎంత ఖర్చో అనుభవించినవాళ్లకు తెలుసు.

ఆదివారం సాయంత్రం చల్లబడ్డాక సైటుకు తీసుకెళ్లి చూపిస్తే ఏ ఇల్లయినా బాగుంటుంది. మామూలు రోజు పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వెళ్లండి. లైట్లు ఆర్పించి రెండో నంబరులో వంటిల్లు రావాల్సిన చోట ఐదు నిమిషాలు నిలబడండి, తర్వాత నాలుగో నంబరులో నిలబడండి. మెట్లకు కాంక్రీటు పోసేశారన్నారు కాబట్టి టేపు తీసుకెళ్లి ప్రతి మెట్టూ కొలవండి, టైల్స్ మందం లెక్క అడగండి. అమ్మగారిని కూడా ఒక అంతస్తు నెమ్మదిగా ఎక్కించి చూడండి. ఆవిడ ఆగిన చోట మీరూ ఆగి చూడండి. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి తెచ్చుకోగలిగితే నాకు పంపండి, స్టిల్టు పిల్లర్ల సైజులు, కడ్డీలు చూసి చెబుతాను.